హిట్ పాటలు నచ్చకపోవడం నా లోపమా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కాకినాడలో ఉంటాం. పెళ్లికి ముందు ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చాక ఆగిపోయింది. ఘంటసాల గారి పాటలు, శంకరాభరణం పాటలు ఇప్పటికీ రోజూ వింటాను. ఇప్పటి హిట్ పాటలంటే మాత్రం ఒళ్లు మంట. ఊరంతా అదే పాట పాడుకుంటుంటే నాకు ఇంకా విసుగు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి అవే ప్రాణం. కారెక్కితే ఇద్దరికీ గొడవ. ‘అమ్మకి ఏదీ నచ్చదు’ అంటుంది. ఈమధ్య నేను గదిలోకి వెళ్తే పాడుతున్నది కూడా ఆపేస్తోంది. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. సంగీత్‌లో అందరం కలిసి ఒక హిట్ పాటకి డాన్స్ చేద్దామంటే నేను రానన్నాను. ‘వదినకి పొగరు’ అన్నారు. అందరికీ నచ్చేది నాకు నచ్చకపోవడం లోపమా? నచ్చేలా చేసుకోవాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: లోపం కాదు. బలవంతాన నచ్చేలా చేసుకోవాల్సిన పనీ లేదు. కాకపోతే మీ ఉత్తరంలో ‘ఊరంతా పాడుకుంటుంటే నాకు ఇంకా విసుగు’ అన్న మాట ఒకటుంది. పాట అదే, గొంతు అదే, తాళం అదే. పాడుకునేవాళ్లు పెరిగితే విసుగెందుకు పెరగాలి? ఆ పెరిగిన భాగం మీ చెవి చెప్పింది కాదండీ. జనానికి నచ్చింది కాబట్టి తక్కువదే అయ్యుంటుందన్న అనుమానం చెప్పింది. ముందు ఈ రెండింటినీ విడదీద్దాం.

మీరు రోజూ వినే శంకరాభరణాన్నే తీసుకుందాం. 1980లో వచ్చింది. సంగీతం కె.వి. మహదేవన్. పాత కీర్తనలు పోగా మిగతా పాటలు రాసింది వేటూరి. ప్రధాన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. దానికి మూడేళ్ల ముందు, 1977లో, అడవి రాముడు వచ్చింది. ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ అని మన రాష్ట్రాన్ని ఊపేసిన పాటకి బాణీ మహదేవన్‌దే, రాత వేటూరిదే, గొంతు బాలుదే. ఆ ముగ్గురూ అక్కడ ఒక పనికి, ఇక్కడ మరో పనికి పాట కట్టారు. పైగా శంకరాభరణానికి జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో వచ్చిన ఉత్తమ చిత్రం అవార్డు ఏ విభాగంలోనో చూడండి: ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన జనాదరణ చిత్రం. మీ దృష్టిలో శాస్త్రీయానికి గుర్తుగా నిలిచిన సినిమా, జనం ఎగబడి చూసిన హిట్టే.

ఇంకా వెనక్కి వెళ్తే, 1952లో కేంద్ర సమాచార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలు శ్రోతల అభిరుచిని చెడగొడుతున్నాయని అనుకున్నారు. ఆకాశవాణిలో అవి దాదాపు కనుమరుగైపోయాయి. పాతాళభైరవి (1951), దేవదాసు (1953) పాటలు జనం నోళ్లలో నానుతున్న రోజులవి! శ్రోతలు ఊరుకోలేదు, రేడియో సిలోన్‌కి ముల్లు తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరులో ఆకాశవాణి తానే వివిధభారతి మొదలుపెట్టింది. మీరిప్పుడు కొలమానంగా పట్టుకున్న పాటల తరమే ఒకప్పుడు నాసిరకం అనిపించుకుంది.

సిరివెన్నెల సీతారామశాస్త్రి గారిని చూసినా అంతే. 1986లో ‘విధాత తలపున’ రాసిన కలమే 2020లో వచ్చిన అల వైకుంఠపురములో సినిమాకి ‘సామజవరగమన’ రాసింది. మీ అమ్మాయికి అది కంఠతా వచ్చే ఉంటుంది.

పాతవన్నీ బాగుండేవనిపించడానికి ఇంకో కారణం ఉంది. అప్పటి సినిమాల్లో ఎనిమిది, పది పాటలు ఉండటం మామూలు. వాటిలో మనదాకా వచ్చినవి ఒకటో రెండో. మిగతావి కాలం ఏరిపారేసింది. ఇప్పటి పాటల్ని మాత్రం ఏరకముందే, గంపగుత్తగా వింటున్నాం. ఏరిన బియ్యాన్నీ ఏరనివాటినీ పక్కపక్కన పెడితే రాళ్లు ఎందులో కనబడతాయో మీకు చెప్పాలా?

ఇక హిట్ అన్నది దేన్ని కొలుస్తుంది? దీని మీద అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ప్రయోగం 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఎవరికీ పెద్దగా తెలియని బృందాల పాటలు 48 తీసుకుని 14 వేల మందికి పైగా వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో అంకె కూడా చూపించారు. అంకె కనబడిన చోట పెద్ద పాట మరీ పెద్దదైంది, చిన్నది మరీ చిన్నదైంది. ఒక గుంపులో పైనున్న పాట ఇంకో గుంపులో పైనుండలేదు. అంకె లేకుండా విన్నవాళ్లు బాగా మెచ్చినవి ఎక్కడా అట్టడుగుకి పోవడం అరుదు, వాళ్లకి బొత్తిగా నచ్చనివి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవన్నీ ఎటైనా పోయాయి. కాబట్టి హిట్ అనే ముద్ర కొంత పాటని బట్టి, మరికొంత ఎవరు ముందు విన్నారన్నదాన్ని బట్టి పడుతుంది. ఆ ముద్ర చూసి ఇష్టపడటంలో ఎంత అర్థముందో, చూసి అసహ్యించుకోవడంలోనూ అంతే ఉంది.

అయినా మీకు నచ్చకపోవడానికి అసలైన కారణాలు కూడా ఉన్నాయి. ఆరేళ్లు స్వరం మీద కూర్చున్న చెవి కాబట్టి మీకవి మరీ గట్టిగా తగులుతాయి. వాటికి పేర్లు తెలిస్తే మీ అమ్మాయితో ‘చెత్త’ అనే ఒక్క మాటతో సరిపెట్టక్కర్లేదు.

మొదటిది శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్. ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. గొంతు స్వరానికి కాస్త పైనో కిందో పడితే, దగ్గర్లో ఉన్న స్వరస్థానానికి లాగి కూర్చోబెడుతుంది. ఎంత వేగంగా లాగాలో స్టూడియోలో నిర్ణయిస్తారు. నెమ్మదిగా లాగితే మామూలు శ్రోతకి తెలియనే తెలియదు. తక్షణమే లాగేలా పెడితే స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే జారుడు పోయి, గొంతు మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. మన గమకం బతికేదే ఆ మధ్య చోటులో. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడదని మీకు తెలుసు. ఆ ఊపు యంత్రానికి తప్పులా కనబడుతుంది, చదును చేసేస్తుంది. ఎక్కడ జరిగిందో పట్టుకోవాలంటే చరణం నుంచి పల్లవికి వచ్చే ముందు సాగదీసే అచ్చు దగ్గర చెవి పెట్టండి. గొంతు పై స్వరం నుంచి కిందికి జారుతూ దిగిందా, టక్కున దూకిందా? దూకితే అదే. కొన్ని పాటల్లో ఆ యంత్రపు గొంతే కావాలని పెట్టుకుంటారు, అది తప్పు కింద రాదు. గమకం కోరే బాణీకి అలా చేసినప్పుడు మీ ఫిర్యాదు న్యాయమైనదే.

రెండోది హెచ్చుతగ్గులు పోవడం. దీన్ని కంప్రెషన్ అంటారు. మెల్లగా ఉన్న చోట్లు పైకి లేపి, గట్టిగా ఉన్నవాటిని అదిమి, పాటంతా ఇంచుమించు ఒకే ఎత్తుకి తెస్తారు. ఆటోలో, బజారులో, జిమ్ములో వినబడాలంటే అది కావాలి. ఇంట్లో అరగంట వింటే చెవి అలిసిపోతుంది, ఎందుకో తెలియకుండానే చిరాకు వస్తుంది. పాతదీ కొత్తదీ పోల్చేటప్పుడు ఒకే వాల్యూమ్ దగ్గర పెడితే కొత్తది ఎక్కువ అరుస్తుంది, పోలిక అక్కడే చెడిపోతుంది. స్పాటిఫై సెట్టింగ్స్‌లో ఆడియో నార్మలైజేషన్ అని ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే మామూలుగా పాటలన్నిటినీ ఒకే చప్పుడు స్థాయికి దగ్గరగా తెస్తుంది.

మూడోది చాలామందికి తట్టనిది: మీరు దేంట్లో వింటున్నారు? ఫోన్ స్పీకర్ చాలా చిన్నది. సుమారు 200 హెర్ట్జ్‌కి కింద, అంటే బాగా అడుగున మోగే శబ్దాల్లో, దాని నుంచి దాదాపు ఏమీ రాదు. ఇప్పటి పాటల్లో సగం పని ఆ అడుగునే జరుగుతుంది: బేస్ గిటార్, కిక్ డ్రమ్, డప్పులో బరువైన దెబ్బ. అవన్నీ మాయమైతే మిగిలేది చప్పట్లు, తాళాల గలగల, సన్నగా కోసే గొంతు. వంటింట్లో అమ్మాయి ఫోన్ లోంచి మీకు వినబడేది ఆ మిగులే. అరవైల నాటి పాట మోనోలో, గొంతుని ముందు పెట్టి రికార్డు చేసింది కాబట్టి అదే ఫోన్‌లో నిక్షేపంలా ఉంటుంది. ఈ పందెంలో ఫోన్ స్పీకర్ పాత పాట పక్షాన ఉంది. కొత్తపాట మీద తీర్పు చెప్పేముందు మామూలు వైరు ఇయర్‌ఫోన్స్‌తోనైనా వినండి. కారులో బేస్, ట్రెబుల్ రెండూ మధ్యలో ఉండే సున్నా దగ్గర పెట్టండి. బేస్ ఆఖరి దాకా తిప్పి వదిలేసిన కార్లే ఎక్కువ, అందులో ఏ పాటైనా గుమ్మటంలో మోగినట్టే ఉంటుంది.

రీల్స్ సంగతి కొంచెం. మీరు ‘ఊరంతా అదే పాట’ అంటున్నది చాలాసార్లు పాట కాదు, అందులోని 15 సెకన్ల ముక్క. స్పాటిఫైలో 30 సెకన్లు విన్న తర్వాతే ఒకసారి విన్నట్టు లెక్క. ఆలాపన, పొడుగాటి వాద్య ప్రారంభం తగ్గి హుక్కు, అంటే నోట్లో ఆడే ముక్క, ముందుకు రావడానికి అదొక కారణం. ముక్కని వందసార్లు విని మొత్తాన్ని ఒక్కసారీ వినకుండానే మొహం మొత్తుతుంది.

మనసొప్పితే ఒక్క పాటతో ప్రయత్నించండి. అది చార్టులో మొదటిది కానక్కర్లేదు, మీ అమ్మాయికి ఎక్కువ ఇష్టమైనదై ఉండాలి. వీడియో వద్దు, పూర్తి ఆడియో కావాలి. నాలుగైదు రోజుల్లో మూడుసార్లు చాలు. మొదటిసారి మాటలు, రాగం వదిలేసి తాళం వేయండి. నాలుగుకి పడుతోందా, మూడుకా? ఆస్కార్ తెచ్చుకున్న ‘నాటు నాటు’ 6/8లో, అంటే మూడేసి దెబ్బల లెక్కలో, ఉంటుంది. ‘తకిట తకిట’ అనుకుంటూ వింటే ఆ పరుగు ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. ఎడుపు, అంటే పాట ఎత్తుకునే చోటు, ఎక్కడుందో చూడండి: తాళం మొదటి దెబ్బ మీదేనా (సమం), దాని తర్వాతా (అనాగతం)? పల్లవి రెండు మూడు స్వరాల్లోనే తిరుగుతోందని మీకు పేదగా అనిపించవచ్చు. అలాంటి పాటల్లో తెలివంతా మాటని దెబ్బకి ముందు వేశారా, వెనక వేశారా అన్నదాంట్లో ఉంటుంది. రెండోసారి గొంతుని పట్టించుకోకుండా అడుగున బేస్ వెంట నడవండి. కర్ణాటక చెవి ఒకే గీతని పట్టుకుని పోతుంది. ఇక్కడ గొంతు ఒక స్వరం మీద నిలబడి ఉండగానే కింద కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) మారి, ఆ స్వరం రంగే మారిపోతుంది. అలవాటు లేని చెవికి ఇది జారిపోతుంది. మూడోసారి సాహిత్యం కాగితం మీద రాసుకుని వినండి. రాస్తే మీరు విననే వినని మాట ఒకటైనా దొరుకుతుంది. పనికిమాలిన పాదం ఉంటే అదీ దొరుకుతుంది, అప్పుడు ‘ఈ పాదం ఆడపిల్లని చులకన చేస్తోంది’ అని వేలు పెట్టి చూపించవచ్చు. ‘ఈ కాలం పాటలే అంత’ అనడం కన్నా అది పిల్ల మనసుకి పడుతుంది.

మూడుసార్లయ్యాక నచ్చకపోతే వదిలేయండి. విన్నకొద్దీ అలవాటై నచ్చడం నిజమే. అయితే మొదట్లోనే కంపరం పుట్టించినదాన్ని పట్టుబట్టి వింటే కంపరమే పెరగవచ్చు.

ఇప్పుడు అమ్మాయి సంగతి. మీ ఉత్తరంలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పద్నాలుగేళ్ల పిల్ల తల్లిని చూసి పాట ఆపేస్తోందంటే తన పాటని కాదు, తననే తూకం వేస్తున్నారని అనుకుంటోంది. దీనికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడటం పనికిరాదు, ఇంకా ముడుచుకుంటుంది. తను మామూలుగా ఉన్నప్పుడు, ఆ పాట పల్లవి మీకు నేర్పమనండి. నిజంగా నేర్చుకోండి. ఆమె శ్రుతి తప్పినా ఆ పూట సరిదిద్దకండి. రాగం పేరు ఎత్తకండి. ‘ఇది మా ఫలానా కృతిలోంచి ఎత్తుకున్నదే’ అనడం సంగీతం వచ్చిన తల్లిదండ్రులందరూ చేసే పొరపాటు, నిజమే అయినా ఆ క్షణాన అది పిల్ల చేతిలోది లాక్కోవడమే. ‘ఇందులో నీకు ఏ చోటు ఎక్కువ ఇష్టం?’ అని అడగండి. ఏ అయిదు సెకన్లో చూపిస్తుంది. ఆ అయిదు సెకన్లు తనతో కలిసి మళ్లీ వినండి, వెంటనే అభిప్రాయం చెప్పకండి. రెండు మూడు వారాలయ్యాక, తను అడిగితే, మీ పాట ఒకటి పెట్టండి. నాలుగు నిమిషాలు మించనిది, వినాల్సిన చోటు ఒక్కటే చెప్పండి. అన్నీ వివరిస్తే అది క్లాసైపోతుంది.

మీరు గట్టిగా ఉండాల్సింది వాల్యూమ్ దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క పిల్లలకి 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పెద్దలకి 80 డెసిబెల్స్ దగ్గర అంతే. పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ వినగలిగే సమయం సగానికి సగం పడిపోతుంది. ఐఫోన్‌లో హెల్త్ యాప్ ఇయర్‌ఫోన్ల స్థాయిని చూపిస్తుంది. ఈ నియమం ఘంటసాల గారి పాటకీ వర్తించాలి, లేకపోతే ఇది మళ్లీ అభిరుచి గొడవే అనుకుంటుంది.

కారులో వంతులు పెట్టుకోండి, కానీ పాటకొక వంతు వద్దు. అలా పెడితే ప్రతి నాలుగు నిమిషాలకీ పోటీ మొదలవుతుంది, కీర్తన మీద డప్పు, డప్పు మీద కీర్తన పడి రెండూ చెడతాయి. దూరాన్ని పంచుకోండి. విశాఖ వెళ్తుంటే కత్తిపూడి దాకా అమ్మాయి, తుని దాకా మీరు, అనకాపల్లి దాకా మీవారు. ఎవరి వంతులో వాళ్లదే ఫోన్. పక్కవాళ్లు పాట మార్చమనకూడదు, నిట్టూర్చకూడదు, మీరు కిటికీ వైపు తిరిగి కూర్చోవడం కూడా నిట్టూర్పు కిందకే వస్తుంది. ప్రశ్నలు మాత్రం ఎన్నైనా అడగొచ్చు.

ఇంకో చిన్న పని. అమ్మాయి మీ ఫోన్‌లోనో, మీ లాగిన్‌తో టీవీలోనో పాటలు వింటోందా? ఉత్తరంలో చెప్పలేదు గానీ చాలా ఇళ్లలో జరిగేది అదే. అప్పుడు యూట్యూబ్ మీకు చూపించేవన్నీ ఆమె పాటలే అవుతాయి, ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు అనిపిస్తుంది. ఆమెకి వేరే అకౌంట్ పెట్టండి. మీ దాంట్లో హిస్టరీలోకి వెళ్లి అక్కర్లేనివి తీసేయండి. కొన్నాళ్లకి మీకు కావలసినవి మళ్లీ పైకొస్తాయి.

సంగీత్‌కి వెళ్లండి. పెళ్లిలో పదిమందితో అడుగు వేసినంత మాత్రాన ఆ పాట గొప్పదని మీరు ఒప్పుకున్నట్టు కాదు. ఆ పాట చేయాల్సిన పని వేరు: రిహార్సల్ సరిగ్గా లేని ఇరవైమంది ఒకేసారి అడుగు వేయగలగాలి. అందుకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, దెబ్బ మారదు. సంక్రాంతి ముగ్గు చుట్టూ ‘గొబ్బియళ్లో’ అని ప్రతి పాదానికీ అనేది, బతుకమ్మ చుట్టూ ‘ఉయ్యాలో’ అనేది ఇందుకే కదా. వాటిని ఒకటే మాట తిప్పి తిప్పి పాడుతున్నారని ఎవరం తప్పుపట్టం. ఆడపడుచుకి మీరే ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పి, పాట పేరు, ఏ ముక్కకి చేస్తున్నారో అడగండి. సంగీత్ డాన్స్‌కి సాధారణంగా నిమిషంన్నర, రెండు నిమిషాలకి కోసుకుంటారు, ఆ కోసిన ఫైలే తెప్పించుకోండి, పూర్తి పాటతో సాధన చేస్తే అక్కడ లెక్క తప్పుతుంది. స్టెప్పులు ఎనిమిది లెక్కలకొకటి చొప్పున ఉంటాయి, తాళం వచ్చినవాళ్లకి అది కష్టమేమీ కాదు. నేర్పించడానికి ఇంట్లోనే మనిషి ఉంది, అమ్మాయినే అడగండి.